నార్మల్ హజరత్తయ్య

సుత్తి తగిలింది. కాలు లేవలేదు. ఎలా లేస్తుంది, ఆ విద్యార్థి కొట్టింది మోకాలి చిప్ప మీద!

“ఇంకా కిందికి సారూ. చిప్ప కింద మెత్తగా తగల్తాది, ఆడ కొట్టు,” అన్నాడు హజరత్తయ్య.

నెల్లూరులో ఆ వైద్య కళాశాల నరాల విభాగానికి ఆయన అటెండరు. ఇరవై ఆరేళ్లుగా పొద్దున్నే మైపాడు బస్సు దిగడం, మంచాలు తుడవడం, ఫైళ్లు మోయడం, పది కాగానే క్లాసు గదిలో ఎత్తు స్టూలెక్కి ఖాకీ ప్యాంటు మోకాళ్ల పైకి మడుచుకోవడం. జబ్బు కనిపెట్టాలంటే ముందు జబ్బు లేని ఒళ్లు ఎలా ఉంటుందో తెలియాలి కదా. ఆ ఒళ్లు ఈయనది. అందుకే పిల్లలు ‘నార్మల్ హజరత్తయ్య’ అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆయనకెంత మురిపెమో! కానీ ఎవరెంత బతిమాలినా, తప్పుచోట కొడితే కాలు కావాలని ఎగరేసిన పాపాన పోలేదు.

అలాంటి మనిషి ఆరు నెలలుగా ఎడమ గుప్పిట్లో తుండుగుడ్డ బిగించుకుని కూర్చుంటున్నాడు. తుండు లేకపోతే ఆ చెయ్యి వణుకుతుంది. ఇన్నేళ్లూ అలాంటి చేతుల్ని చూసినవాడికి అది పార్కిన్సన్ జబ్బని ఒకరు చెప్పాలా? బయటపడితే స్టూలు పోతుంది. అదొక్కటే ఆయన దిగులు.

ఆ రోజు పరీక్ష. చివర్లో నవోమి వచ్చింది. బిట్రగుంట పిల్ల, ఉత్త భయస్తురాలు. మోకాళ్లు చూసింది, కళ్లు చూసింది, గదిలో అటూ ఇటూ నడిపించింది. నడుస్తుంటే ఆయన కుడి చెయ్యి ఊగుతోంది, ఎడమది మాత్రం ఒంటికి అతుక్కుపోయింది.

“అన్నా, ఆ తుండు ఒకసారి పక్కన పెడతారా?”

“ఉండనీలే పాపా. చెమట.”

ఏసీ గదిలో చెమటేమిటి, పాపం!

నవోమి పెన్ను ఆగింది. హజరత్తన్న అయితే కళ్లు మూసుకుని నార్మల్ అని రాసెయ్యమని సీనియర్లు చెప్పారు. ఆ పిల్ల కాసేపు తటపటాయించి అదే రాసింది.

గండం గడిచిందని సంతోషించాల్సింది పోయి హజరత్తయ్య ప్రాణం ఉసూరుమంది. రేపు ఇంకెవరి చేతినైనా ఈ పిల్ల ఇట్లాగే వదిలేస్తే?

“ఆ మాట కొట్టెయ్ పాపా. నువ్వు చూసిందే రాయి.”

తుండు స్టూలు మీద పెట్టి, వెళ్లి రోగుల బెంచీ మీద కూర్చున్నాడు. చెయ్యి ఒళ్లో వదిలేశాడు. చిటికెడు ఉప్పు రాలుస్తున్నట్టు బొటనవేలు, చూపుడువేలు ఒకదానిమీద ఒకటి కదలసాగాయి.

విభాగానికి పెద్ద, డాక్టర్ స్వర్ణ లోపలికి వచ్చారు. ఆమె కూడా ఒకప్పుడు ఈ మోకాళ్ల మీదే నేర్చుకున్నారు. ఆయన మణికట్టు పట్టుకుని మెల్లగా వంచి చూశారు.

“ఎన్నాళ్లయింది అన్నా?”

“ఆర్నెల్లమ్మా. చెప్తే స్టూలు దించేస్తారని...”

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నవోమి కాగితం అందించింది. నార్మల్ అన్న మాట కొట్టేసి ఉంది.

“కరెక్టుగా పట్టేసింది గదమ్మా!” హజరత్తయ్య మొహం వెలిగిపోయింది. “మార్కులు బాగా ఎయ్యండి.”

ఆ మధ్యాహ్నమే మందుల చీటీ జేబులో పెట్టుకుని, సెలవు కాగితం ఇచ్చేసి మైపాడు బస్సెక్కాడు. చెయ్యి వణుకుతూనే ఉంది. ఈసారి దాచుకోలేదు.

మర్నాడు పదయింది. కొత్త బ్యాచి వచ్చి నిలబడింది. స్టూలు ఎవరూ ఎక్కలేదు. దాని మీద, గుప్పిట నలిపిన ముడతలు ఇంకా విడని ఆ తుండు.