మిర్నా పోసిన ఐస్

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నవాళ్ళు మిర్నా మామగారు మెట్రో, భర్త ఓరెస్ట్, ఇద్దరు కొడుకులు, జిల్లా పేపరు నుంచి కెమెరాతో వచ్చిన గిల్‌క్రిస్ట్. మిర్నా ఇంట్లో లేదు. పెరట్లో స్కేటింగ్ కోసం కట్టిన ఐస్ మీద ఆఖరి పొర వేడినీళ్ళు పోస్తోంది.

పెళ్ళయిన మొదటి చలికాలం తెలియక బకెట్లకు బకెట్లు ఒకేసారి కుమ్మరించింది. పైన పెంకు కట్టి అడుగున బోలుగా మిగిలింది. ఓరెస్ట్ స్కేట్లతో ఎక్కగానే మోకాలిదాకా దిగబడ్డాడు. "కోడలు మావాడికి గొయ్యి తవ్వింది" అని మామగారు పదకొండేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ చెబుతూనే ఉన్నాడు. అప్పటినుంచి ఏటా ఆవుల పాలు పితికాక, పొయ్యి మీద నీళ్ళు కాచి, పల్చటి పొర, అది గడ్డకట్టాక ఇంకో పొర, మూడు వారాలపాటు పోస్తుంది. ఎవరూ అడగలేదు, ఎలా చేస్తావని.

ఇది దేశానికి నూరో పుట్టినరోజు వచ్చిన సంవత్సరం. కెనడావాళ్ళంటే ఎవరో పేపరు ఒక పేజీ నిండా వేస్తుందట. అందులోకి ఒక ఫోటో: ఇంటి ఐస్ మీద మూడు తరాల మగవాళ్ళు, చేతుల్లో హాకీ కర్రలు. పొద్దున ఆమె పిండి మడతల్లో ఆలుగడ్డ కూరుతూ, "నేనూ నిలబడనా?" అంది.

"నువ్వెందుకు? నీకు నీళ్ళు పొయ్యడం తెలుసు. స్కేటింగ్ తెలుసా?" అన్నాడు ఓరెస్ట్, నవ్వుతూనే.

తెలుసు. పుట్టింట్లో పశువుల చెరువు మీద, తనకు పెద్దవైన అన్న స్కేట్ల ముందుభాగంలో మేజోళ్ళు కుక్కుకుని చీకటి పడేదాకా తిరిగేది. ఆ స్కేట్లు ఇప్పటికీ ఇక్కడి వరండా బల్ల కింద ఉన్నాయి.

బకెట్ దించి చూసింది. ఆఖరి పొర ఆవిరి వదిలి గట్టిపడింది. అందులో ఆకాశం మొత్తం ఉంది, మబ్బు ముక్కతో సహా. కంచె దాటాక భూమి అంచుదాకా తెల్లటి మైదానం. గాలి కూడా లేదు. నీళ్ళను నిలబెట్టి నేలగా మార్చింది ఈ చేతులేనా? గుడిలో నిలబడ్డట్టు చేతి తొడుగులు తీసేసి నిలబడిపోయింది. ఇంత పెద్ద దేశంలో ఎన్ని పెరళ్ళు, ఎంతమంది ఆడవాళ్ళు ఇలా పోసి ఉంటారు అనుకుంది.

వరండాలోకి వెళ్ళి స్కేట్లు తీసి కోటు కింద పట్టుకుంది. లోపలి తలుపు తెరిచింది.

"అయిందా?" అన్నాడు ఓరెస్ట్, నోటినిండా తింటూ.

"ఇంకో గంట. ఇప్పుడెక్కితే చిట్లుతుంది."

పదకొండేళ్ళలో ఆమె అతనికి చెప్పిన మొదటి అబద్ధం అది. ఆ గంట ఐస్ మీద తనొక్కతికే కావాలి.

"గంటైతే వెలుతురు ఉంటుందో లేదో" అన్నాడు గిల్‌క్రిస్ట్.

"ఏం చేస్తాం? ఐస్ సంగతి అమ్మాయే చెప్పాలి" అన్నాడు ముసలాయన. "మాకేం తెలుసు. ముందు ఆ తలుపు వెయ్యండి, ఇల్లంతా చలి."

ఓరెస్ట్ ఆమె ముఖం కూడా చూడకుండా లేచి వచ్చి, బయట నిలబడ్డ ఆమె మీద తలుపు మూసేశాడు.