చప్పిడి ప్రతి

ఒకే అధ్యాయాన్ని ఆమె రెండుసార్లు రాస్తోంది. నవ్వు వచ్చేది అచ్చుకి, నవ్వు రానిది పక్కగదిలో మంచం మీదున్న భర్తకి.

వంటగది గట్టు మీద కాగితాలు పరుచుకుని నిలబడే రాస్తుంది. ఇంకెక్కడైనా కూర్చుని రాస్తే ఆయన ఊపిరి వినపడదేమోనని భయం. పెన్ను రాపిడికి కాయ కాసిన నడివేలు, దువ్వుకునే తీరిక లేక ఎలాగో చుట్టిన జుట్టు. పాతికేళ్లుగా సరదా ప్రేమ నవలలు రాస్తున్నా వీధిలో ఎవరికీ ఆమె ఫలానా అని తెలియదు. ఆ మాటకొస్తే అట్ట మీది పేరు కూడా ఆమెది కాదు, ప్రచురణకర్త పెట్టింది.

ఇన్నేళ్లూ ఆమెకున్న కొలత ఒక్కటే. రాసింది ఆయనకి చదివి వినిపిస్తుంది. పొట్ట పట్టుకుని నవ్వాడా, పేజీ బతికినట్టు. లేకపోతే చెత్తబుట్టకే. ఒకప్పుడు పందేల్లో పరిగెత్తిన మనిషి, మైదానం దద్దరిల్లేలా నవ్వేవాడు. ఇప్పుడు ఊపిరితిత్తులు పాడై, ముక్కుకి గాలిగొట్టంతో, పొడుగు కాళ్లు మంచానికి పట్టక ఏటవాలుగా పడి ఉన్నాడు.

"నవ్వించకండమ్మా," అని డాక్టరు మరీ మరీ చెప్పాడు. "దగ్గుతెర మొదలైతే ఇక నా చేతుల్లో ఉండదు."

అప్పటినుంచీ ఈ చప్పిడి ప్రతి. నవలలో ఒక రచయిత్రి, ఒక పరుగువీరుడు. అచ్చుకి వెళ్లే ప్రతిలో ఇద్దరూ పిల్లీ ఎలుకల్లా కీచులాడుకుంటారు. ఆయనకి చదివేదాంట్లో బుద్ధిగా కుశలప్రశ్నలు వేసుకుంటారు. ఉప్పూ కారం తీసేసి పథ్యం వండినట్టే రాస్తోంది.

ఆ మధ్యాహ్నం చదువుతుంటే ఆయన కళ్లు పైకప్పుకే అతుక్కుపోయాయి.

"ఏంటి రచయిత్రిగారూ," అన్నాడు మాటకీ మాటకీ మధ్య ఆగుతూ. "వాడు పెళ్లికి అడుగుతున్నాడా... అద్దెకి ఇల్లు అడుగుతున్నాడా?"

ఆమెకి నవ్వు వచ్చింది, వెంటనే ఆపుకుంది. ఆయన పెదవుల వంక చూసింది. కదల్లేదు.

"అచ్చువాళ్లు ఇలాగే రాయమన్నారండీ," అని అబద్ధమాడింది.

"నేను నిన్ను అడిగిన తీరు... రాయొచ్చుగా?"

"అదెవరు చదువుతారండీ ఇప్పుడు!"

ఆయన గోడవైపు తిరిగాడు. అలక కాదది. ఇక తనతో నవ్వే పని లేదని ఆమె తేల్చేసిందని ఆయనకి అర్థమైపోయింది. నవ్విస్తే పోతాడు. నవ్వించకపోతే ఇలా గోడని చూస్తూ పోతాడు. ఏ దారీ తోచక, కొళాయి తిప్పి ఆ చప్పుడులో వెక్కి వెక్కి ఏడ్చింది.

"మందుల దుకాణం దాకా వెళ్లొస్తానండీ. కదలకండి," అని చెప్పి బయటపడింది. ఆ తొందరలో అచ్చుకి వెళ్లాల్సిన ప్రతి గట్టు మీదే ఉండిపోయింది.

తిరిగొచ్చేసరికి మంచం ఖాళీ.

ఆయన వంటగదిలో గట్టుకి వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉన్నాడు, కాళ్లు బార్లా చాపుకుని. ఇన్నాళ్లూ పక్క మీదనుంచి లేవలేని మనిషి అంత దూరం నడిచాడు. చదివేసిన కాగితాలు పక్కన బోర్లా ఉన్నాయి, ఒకటి చేతిలో ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. గుండె మీద చెవి ఆనించింది. ఏ చప్పుడూ లేదు.

నవ్వాడా? ఆ ఒక్కటీ తెలిస్తే చాలనిపించింది. మొహంలో ఎంత వెతికినా తెలియలేదు. ఆఖరి కాగితం మాత్రం ఇంకా గట్టు మీదే ఉంది. అక్కడిదాకా ఆయన రాలేదు.

అది తీసుకుని, ఆయన భుజానికి భుజం ఆనించి కూర్చుని, ఎప్పటిలాగే గొంతులు మార్చి చదివింది. బల్లకాలికి బూటు తాడు చిక్కుకున్న సంగతి చూసుకోని పరుగువీరుడు, పెళ్లి మాట అడగబోతూ లేచి, రచయిత్రి కాళ్ల మీద దభాలున పడతాడు.

"లేవండి మహానుభావా! దీవించమంటారా, ఒప్పుకోమంటారా?"

"ముందు ఒప్పుకోండి. దీవెనలకి మళ్లీ పడతాను."

అది తనకీ ఆయనకీ మధ్య నిజంగా జరిగిందే, అక్షరం మార్చలేదు. చదివి ఆగింది. దగ్గు వినపడలేదు.

పక్కగదిలో, తల ఆనిన గుంట ఇంకా పూడని దిండు మీద, ఆయన తీసి పెట్టిన గాలిగొట్టం బుసబుసమంటూనే ఉంది.