స్విచ్ హ్యాండిల్‌కి ఇత్తడి తాళం

ఆగండి, ఒక్క నిమిషం. వెళ్దురుగాని, ముందు నా మాట వినండి. నేను ఒక ఇత్తడి తాళాన్ని. తలుపు తాళాన్ని కాదు, సబ్‌స్టేషన్‌లో కరెంటు ఆపేశాక స్విచ్ హ్యాండిల్‌కి వేసే తాళాన్ని. నన్ను తీస్తేగానీ మళ్ళీ ఎవరూ కరెంటివ్వలేరు.

నన్ను కొన్నది ఇందుమతి మేడం, మా జిల్లాలో మొట్టమొదటి ఆడ ఇంజనీరు. "ఇంజనీరుగారు లోపలున్నారామ్మా?" అని ఆవిడ్నే అడిగేవాళ్ళు జనం. ఆవిడొచ్చిన నెలకే, పైన మనిషున్నాడని మర్చిపోయి ఎవరో కరెంటిచ్చేశారు. లైన్‌మన్ స్తంభం మీదే కాలిపోయాడు. శ్మశానం నుంచి ఆవిడ తిన్నగా బజారుకొచ్చి నన్ను కొంది. రెండు తాళంచెవులుంటే ఒకటి అందరి ముందూ సుత్తితో చితక్కొట్టేసింది.

"స్తంభం ఎక్కేవాడే తాళం వెయ్యాలి. తాళంచెవి వాడి జేబులోనే ఉండాలి. నేనడిగినా ఇవ్వకూడదు."

లైన్‌మన్ పోలినాయుడు నవ్వాడు. "అయితే మేడం, మీకన్నా నేనే పెద్ద ఆఫీసర్నన్నమాట."

"పైనున్నంతసేపూ అంతే నాయుడూ."

పదకొండేళ్ళు ఒక్కడంటే ఒక్కడు పోలేదు. పక్క జిల్లాలవాళ్ళొచ్చి నన్ను తిప్పి తిప్పి చూసి, అలాంటివే కొనుక్కున్నారు.

తర్వాత మేడంకి బదిలీ అయింది. కొత్తాయన "ఆ ఒక్క తాళంచెవీ పోతే ఊరంతా చీకట్లో కూర్చోవాలా?" అని, నాయుడు సెలవులో ఉన్నరోజు చూసి సబ్బు మీద అచ్చు తీయించి, రెండో తాళంచెవి చేయించాడు. అది ఆపరేటర్ గవర్రాజు సొరుగులో పడుంది. పోలినాయుడికి ఆ సంగతే తెలీదు.

ఇవాళ మధ్యాహ్నం పోలినాయుడు నన్ను బిగించి, లాగి చూసుకుని, "హాయిగా టీ తాగు గవర్రాజూ, సాయంత్రం దాకా నీకు పన్లేదు" అనేసి నాలుగు మైళ్ళ అవతల స్తంభం ఎక్కడానికి పోయాడు.

ఇందాక కొత్తాయన దగ్గర్నుంచి ఫోనొచ్చింది. సభలో మంత్రిగారు మైకు ముందు నిలబడ్డారట, కరెంటు లేదట.

"లైన్ మీద మనిషున్నాడండీ" అన్నాడు గవర్రాజు.

"ఇంకానా? ఈపాటికి దిగిపోయుంటాడు. స్విచ్ వేసెయ్."

ఈ మనుషులు కరెంటుకి భయపడరు, ఫోనుకి భయపడతారు.

గవర్రాజు సొరుగు లాగాడు. చెమట చేత్తో ఆ తాళంచెవి నాలో దూర్చాడు. సగంలో పట్టేసింది. నూనె చుక్క వేశాడు, ఇప్పుడు లోపలిదాకా దిగింది. తిప్పితే నేను తెరుచుకుంటాను. తిప్పేది ఎవరి చెయ్యో నాకేం తెలుస్తుంది చెప్పండి? వాడింకా తిప్పలేదు. పోలినాయుడు వస్తున్నాడేమోనని కిటికీలోంచి రోడ్డుకేసి చూస్తున్నాడు. రోడ్డు మీద ఎవరూ రావట్లేదు.

ఫోన్ మళ్ళీ మోగుతోంది. గవర్రాజు చోట్లో మీరుంటే, ఏం చేస్తారు?