గోడ లేని కొట్టు

మా లాపాజ్‌లో జనవరి ఇరవై నాలుగున పగలు పన్నెండు కొట్టేసరికి ఊరంతా బొమ్మల సంతలోనే ఉంటుంది. ఇల్లు కావాలనుకున్నవాళ్ళు అరచేతిలో పట్టే ఇల్లు కొంటారు, లారీ కావాలనుకున్నవాళ్ళు వేలెడంత లారీ కొంటారు. సరిగ్గా పన్నెండింటికి కొని, సాంబ్రాణి పొగ పట్టించి ఇంట్లో పెట్టుకుంటే ఏడాది తిరిగేలోగా అసలుది వస్తుంది. అందరికీ వస్తుంది, బొమ్మలమ్ముకునే మాకు తప్ప. పన్నెండింటికి మేం చిల్లర ఇస్తూ ఉంటాం మరి, ఇంకెప్పుడు కొంటాం? పోనీ ఎవరి కోరిక వాళ్ళే చేసుకుందామంటే అది బొమ్మగానే మిగిలిపోతుందని మా అమ్మమ్మ అనేది. ఎవరో చేసి ఇవ్వాలి. మా మొహాలకి ఎవరిస్తారు?

నాది కోడిపుంజుల కొట్టు. పెళ్ళికాని పిల్లకి పుంజు బొమ్మ కానుకిస్తే మొగుడు దొరుకుతాడు. ఇరవై ఆరేళ్ళుగా అచ్చుల్లో పోసి, ఎర్ర జుట్టు దిద్ది అమ్ముతున్నాను. ఎన్ని పెళ్ళిళ్ళు చేశానో లెక్కలేదు. నాకు మాత్రం ఒక్క పుంజు తెచ్చిచ్చిన పాపాన ఎవడూ పోలేదు.

సంతలో నా పక్క బల్ల సాతుర్నీనాది. ఆమె అచ్చు ముట్టుకోదు. డిసెంబరులోనే వెళ్ళి ఆమెకి మీ కోరిక చెప్పుకోవాలి. ఊరికే "ఓ రొట్టెల కొట్టు" అంటే వదలదు. "తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా? పొద్దుటెండ ఏ మూల పడుతుంది? మీరెక్కడ కూర్చుంటారు?" అని అడుగుతుంది. చెప్పేవాళ్ళు కళ్ళు మూసుకుంటారు. చెబుతూ చెబుతూ ఎక్కడికో వెళ్ళిపోతారు, గొంతు మెత్తబడుతుంది. ఆ మాటల వెంటే ఆమె వేళ్ళు కదులుతుంటాయి. ఓ రొట్టెలావిడ ఏడాది తర్వాత వేడి రొట్టెలు పట్టుకొచ్చి, "నా కొత్త కొట్టుకీ మూడో మెట్టు విరిగుంది సాతూ, అచ్చం నువ్వు చేసినట్టే!" అని ఏడ్చింది.

అంతటి మనిషికి పనిచేసుకునే చోటు లేదు. ఆమె గదికి కిటికీ లేదు. మంచం మీదే చెక్కడం, పక్కకి జరిపి అక్కడే పడుకోవడం. బల్బు వెలుగులో పచ్చగా వేసిన తలుపు పొద్దున్న చూస్తే నీలంగా ఉండేది. వచ్చినవాళ్ళలో సగంమందిని కుదరదని పంపేసేది. ఓ పెద్ద కిటికీ ఉన్న కొట్టు, దాని మీద తన పేరు. ఆమె కోరిందల్లా అదే.

ఆ ఏడు దోన్ ఎలెయుతేరియో అనే టోకు వ్యాపారి వచ్చాడు. "ఒకటే అచ్చు, ఏడాదికి మూడు వేల ఇళ్ళు పొయ్యాలి. పెద్ద వీధిలో కిటికీ ఉన్న కొట్టు నేనిప్పిస్తా. ఈ ముచ్చట్లూ కళ్ళు మూసుకోవడాలూ ఇక మానెయ్యాలి. ఇరవై నాలుగున కాగితం తెస్తా, సంతకం పెట్టెయ్" అన్నాడు.

"పెడతావా?" అన్నాను అతను వెళ్ళాక.

"కళ్ళు పోతున్నాయి బసీలియక్కా. కిటికీ వస్తుంది కదా."

"వచ్చి? దాని పక్కన కూర్చుని ఒకే ఇల్లు మూడు వేలసార్లు పోస్తావా? ఆ పని నేను చేస్తున్నా కదే, నీకెందుకా ఖర్మ!"

"నీకు తిండి పెట్టింది అదేగా."

"పెట్టింది. ఇరవై ఆరేళ్ళలో ఒక్క పుంజైనా నా కలలోకొచ్చి కూసిందా?"

ఆమె నవ్వలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాటి నుంచి తెల్లవారుజామునే లేచి ఆమె కోరుకున్న కొట్టు బొమ్మ నేనే చెయ్యడం మొదలుపెట్టాను. ఆమె అడిగే ప్రశ్నలన్నీ నాకు నేనే వేసుకుని కళ్ళు మూసుకున్నాను. మొదట చీకటి, తర్వాత ఓ పొడుగాటి బల్ల కనిపించింది. దాని మీద గోరువెచ్చటి పాలలాంటి వెలుగు. ఎవరో కూనిరాగం తీస్తున్నారు. నేను అందులో నడుస్తున్నాను, నా కాళ్ళకింద చెక్కపొట్టు మెత్తగా తగులుతోంది. కళ్ళు తెరవబుద్ధి కాలేదు.

తెరిచి చేస్తే ఏముంది, నా చేతులు నా చేతులే. కిటికీ కోయబోతే గోడకి గోడే ఊడొచ్చింది. కప్పు ఓ పక్కకి ఒరిగింది. దాని పగులు కనబడకుండా, నాకొచ్చిన ఒక్క విద్యా అదే కాబట్టి, పైన ఓ పుంజుని కూర్చోబెట్టాను. పీట చేస్తే మరీ పెద్దదైపోయింది. ఇంకోటి చేసి, మొదటిది పారెయ్యడం ఇష్టంలేక అదీ లోపలే పెట్టాను.

ఇరవై నాలుగున గంటలు మోగాయి. నా కొట్టు ముందు జనం. "పుంజు, పుంజు!" అని ఓ తల్లి నా శాలువా పట్టి లాగింది.

"పెళ్ళి ఓ గంట ఆగితే ఎవరూ చావరు!" అని అరిచి, బొమ్మకి పొగ పట్టించి, సాతుర్నీనా దగ్గరికి పరిగెత్తాను. ఎలెయుతేరియో కాగితం పట్టుకుని అక్కడే నిలబడున్నాడు. ఆమె రెండు అరచేతుల్లో బొమ్మ పెట్టాను.

"ఇదేంటక్కా, కోళ్ళ గూడా?"

"నీ కొట్టేనే తల్లీ."

"మరి గోడేది?"

"అదే కిటికీ. నీకెంత కావాలో నాకేం తెలుసు, ఉన్నదంతా తీసేశా!"

ఆమె కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత, నేనెన్నడూ చూడని పని చేసింది. కళ్ళు మూసుకుంది. చుట్టూ పొగ, గంటలు, తోపులాట. ఆమె మాత్రం అక్కడ లేదు. ఎలెయుతేరియో దగ్గి, కలం చాపాడు.

"చేతులు ఖాళీ లేవు దోన్ ఎలెయుతేరియో" అంది, కళ్ళు తెరవకుండానే.

తర్వాత ఆరు నెలలు ఏమీ రాలేదు. పెద్ద వీధి కొట్టు ఇంకెవరికో పోయింది. నోటికాడి కూడు పడగొట్టానని నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. ఆమె ముందు తలెత్తలేకపోయాను.

ఆగస్టులో ప్రిమిటీవో అనే లారీ డ్రైవరు వచ్చాడు. వెనకటికి ఆమె చేతి లారీ బొమ్మ కొన్నవాడు. "అసలుది వచ్చింది, దాని వెనకే రెండోదీ వచ్చింది. నా పాత షెడ్డులో రెండూ పట్టవు. మీకేమైనా పనికొస్తుందేమో చూడండి. గోడలు మూడే, ముందంతా షట్టరే" అన్నాడు.

షట్టరు ఎత్తాడు. వెలుగు లోపలికి దూకింది. ఎదురుగా ఇల్లిమానీ కొండ మంచు మెరుస్తోంది. కప్పు ఓ పక్కకి ఒరిగుంది.

ఇప్పుడక్కడ ముగ్గురు ఆడపిల్లలు పనిచేస్తున్నారు. ఏడాది పొడుగునా కోరికలు చెప్పుకోవడానికి ఎక్కడో దూరాన ఉన్న ఒరూరో ఊరి నుంచి కూడా జనం వస్తారు. బోర్డు మీద ఆమె పేరు, కప్పు మీద నా పుంజు. టోకువాడు రెండుసార్లు మళ్ళీ వచ్చి, వరసలో నిలబడలేక వెళ్ళిపోయాడు. కానీ నా మనసు తిరిగి తిరిగి షట్టరు ఎత్తిన ఆ మొదటి రోజుకే వెళుతుంది.

ఆ రోజు ఆమె రెండు పీటలు మోసుకొచ్చింది.

"రెండెందుకే?"

"నీ బొమ్మలో రెండున్నాయిగా."

"అది పొరపాటే! పెద్దదైపోయిందని..."

"పెద్దదే తెచ్చా. నీకు సరిపోవద్దూ?"

ఎండలోకి జరిపి నన్ను దానిమీద కూర్చోబెట్టింది. ఎదురుగా చిన్న పీట మీద తను కూర్చుంది.

"కళ్ళు మూసుకో అక్కా. నీ తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా?"

ఇరవై ఆరేళ్ళలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే కళ్ళు మూసుకున్నాను.