అంగుళం మడత

మా కరుణ ఇంటర్‌లో చేరిన నాటి నుంచి మా ఇంట్లో ఒక మనిషి ఎక్కువయ్యాడు. అన్నం తినడు, నీళ్ళు తాగడు, కానీ మూడు పూటలా మా కంచాల మధ్యనే కూర్చుంటాడు. పేరు సందీప్ సార్. రోజూ మిర్యాలగూడ నుంచి బస్సులో కోదాడ వచ్చి, మా పిల్ల చదివే కాలేజీలో లెక్కలు చెప్పి పోతాడు. పప్పులో ఉప్పు తక్కువైందని నేనన్నా, దానికి కూడా ఆయన చెప్పిన మాట ఒకటి మా కరుణ దగ్గర సిద్ధంగా ఉంటుంది.

నాకు కుళ్ళు. దాచుకోవడానికి ఏముంది? పదో తరగతి దాకా ఆ పిల్ల సాయంత్రం కాగానే నా షెడ్డుకు వచ్చి రేకు ముక్కల మధ్య కూర్చునేది. బడిలో ఏ సందేహం వచ్చినా "మా డాడీని అడుగుత" అనేది. నేను చదివింది ఏడో తరగతి. అయినా అడిగేది. ఇప్పుడు నేనేదైనా చెప్తే "జర ఆగు డాడీ, సార్‌ను అడుగుత" అంటుంది. నా భార్య వీరమ్మ నవ్వుతుంది. "బిడ్డ పంతులు మీద కూడా ఏడుస్తరా ఎవరన్న?" అని. ఏడుస్తారు. నేను ఏడుస్తున్నాను కదా.

నాది రేకు పని. హుజూర్‌నగర్ రోడ్డు మీద షెడ్డు. బర్రెలకు నీళ్ళు పెట్టే పొడుగు తొట్లు చేస్తాను. చిలుకూరు దిక్కు రైతులు వాటి కోసం నా దగ్గరికే వస్తారు. ఎనిమిది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు ఉన్న రేకు తీసుకుని, నాలుగు మూలల్లో నాలుగు చదరపు ముక్కలు కోసి, నాలుగు వైపులా పైకి లేపి అతికితే తొట్టి. ముక్క ఎంత కోయాలన్నదే అసలు పని. మా నాయన జానెడు కోయమన్నాడు. ఆయన జానెడంటే తొమ్మిది అంగుళాలు. ముప్పై ఏళ్ళుగా నేను జానెడే కోస్తున్నాను.

మొన్న నవంబరులో కరుణ నోట్‌బుక్కు పట్టుకుని షెడ్డుకు వచ్చింది. చాలా రోజులకు వచ్చిందని నా ప్రాణం లేచివచ్చింది.

"డాడీ, నువ్వు జానెడు కోసుడు తప్పు. ఎనిమిది అంగుళాలే కోయాలె."

"ఎవరు చెప్పిండ్రు?" అన్నాను, తెలిసి కూడా.

"సార్ క్లాసుల లెక్క చేసిండు. సూడు, ముక్క చిన్నగ కోస్తే తొట్టికి లోతు ఉండది. పెద్దగ కోస్తే ఇరుకైతది. నడుమ ఒక కాడ పట్టే నీళ్ళు పెరుగుడు ఆగి, తగ్గుడు మొదలైతది. ఆ ఆగిన కాడ డెరివేటివ్ సున్నా. సున్నా పెట్టి సాధిస్తే రెండు జవాబులొస్తయి. ఒకటి మూడడుగులు. రేకు వెడల్పే మూడడుగులాయె, అది ఎట్ల కోస్తం? అందుకే కొట్టేసినం. రెండోది ఎనిమిది అంగుళాలు. రెండొందల తొమ్మిది లీటర్లు పడతయి. జానెడు కోస్తే రెండున్నర లీటర్లకు పైన తక్కువ."

అంతా అర్థమైంది. నిజం చెప్పాలంటే ముచ్చటేసింది కూడా. ముప్పై ఏళ్ళ పనిని పిల్ల ఒక పేజీలో పెట్టింది. కానీ పక్కనే ఆ తొట్టి బొమ్మ ఉంది. అది చూడగానే నాకు తప్పు దొరికింది. బొమ్మలో తొట్టికి అంచు మడత లేదు.

రేకు అంచును అట్లాగే వదిలితే కత్తి. బర్రె మూతి కోసుకుపోతుంది. అందుకే పైఅంచులో ఇనుప చువ్వ పెట్టి, దాని చుట్టూ అంగుళం రేకు మడుస్తాం. ఎనిమిది అంగుళాలు కోస్తే గోడ ఎత్తు ఏడే మిగులుతుంది. ఆ సార్ లెక్కలో ఆ అంగుళం లేదు. పుట్టినప్పటి నుంచి ఆ మడతల మధ్య ఆడుకున్న పిల్ల కాబట్టి, మడతకు కూడా రేకు పోతుందని దానికి తోచనే లేదు.

చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా.

"సార్ తప్పు చెయ్యడు డాడీ," అంది కరుణ, బొమ్మను చూసుకుంటూ.

నేను నోరు మూసుకున్నాను.

"దీన్నే ప్రాజెక్టు పెడుతున్న. సూర్యాపేటల జిల్లా సైన్స్ ఫెయిర్. ఫస్ట్ వస్తే హైదరాబాద్ పంపిస్తరు. నువ్వు ఎనిమిదంగుళాల తొట్టి చేసియ్యి. నేను అందరి ముంగట నీళ్ళు పోసి చూపిస్త."

చేసిచ్చాను. ఎనిమిది అంగుళాలు కొలిచి మరీ కోశాను. చువ్వ పెట్టి మడిచేటప్పుడు రెండో కొస పట్టుకుంది ఆ పిల్లే. "గట్టిగ పట్టు బిడ్డా" అన్నాను తప్ప ఇంకో మాట అనలేదు. తర్వాత ఆ పిల్ల కాలేజీకి పోయినప్పుడు, కారుతుందేమో చూద్దామని నీళ్ళు పోశాను. ఇరవై లీటర్ల క్యాన్లు తొమ్మిది పోసి, పైన మూడున్నర లీటర్లు పోసేసరికి నిండింది. నూట ఎనభై మూడున్నర. సాయంత్రం కరుణ వచ్చి, ఒకసారి నింపి చూద్దామంది.

"మోటరు కాలింది," అన్నాను.

మోటరు బాగానే ఉంది. ఆ సార్ నలుగురిలో తలదించుకుని నిలబడితే చూడాలి, అంతే. మా పిల్ల ఆయన వైపు చూసే చూపు ఒక్కసారి విరగాలి. నా కళ్ళ ముందు ఆయన ఒక్కడే ఉన్నాడు. ఇంకెవరూ కనపడలేదు.

ఫెయిర్ రోజు పొద్దున్నే ట్రాలీ ఆటోలో తొట్టి ఎక్కించుకుని సూర్యాపేట పోయాం. కరుణ ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుని, దారంతా చెప్పాల్సిన మాటలు పెదవుల్లో అనుకుంటూ కూర్చుంది. మునగాల దాటాక నా చెయ్యి పట్టుకుంది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

సందీప్ సార్ అప్పటికే అక్కడ ఉన్నాడు. నేనేదో పెద్ద హీరోను ఊహించుకున్నాను. సన్నటి మనిషి, చెప్పుకు పిన్నీసు పెట్టుకున్నాడు. "యాకోబన్నా, తొట్టి బంగారంలెక్క చేసినవే," అని రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. అది కూడా నచ్చలేదు నాకు.

జడ్జీలు ముగ్గురు వచ్చారు. కరుణ బాగా చెప్పింది. ఎక్కడా తడబడలేదు. చార్టు మీద ఎర్ర స్కెచ్చుతో రెండొందల తొమ్మిది లీటర్లు అని రాసి ఉంది. పిల్లలు క్యాన్లు అందిస్తుంటే తనే లెక్కపెడుతూ పోసింది. తొమ్మిది దాకా అంతా బాగుంది. పదో క్యాను వంచింది. కొంచెం పోయగానే తొట్టి పొంగి, నీళ్ళు పెద్ద జడ్జీ చెప్పుల మీద పడ్డాయి.

ఎవరో కిసుక్కున నవ్వారు.

"పది క్యాన్లు దాటి పట్టాలె గదమ్మా. ఇంకో ఇరవై అయిదు లీటర్లు ఎటు పోయినయి?" అన్నాడు పెద్ద జడ్జీ.

కరుణ చార్టు చూసింది. తొట్టి చూసింది. క్యాను చేతిలో అట్లాగే ఉంది. దాని మెడ మీద చెమట నాకు కనిపిస్తోంది. నేను కోరుకున్న గడియ వచ్చింది. అందులో నిలబడ్డది మాత్రం సార్ కాదు.

"తప్పు నాది సార్," అంటూ ముందుకొచ్చాడు సందీప్ సార్. "లెక్క కట్టింది నేను. పాపది ఏం లేదు." ఆ మాట కూడా నాకంటే ముందు ఆయనే అన్నాడు. నా కాళ్ళు కదిలేలోపే ఆయన పిల్ల పక్కన నిలబడ్డాడు.

కరుణ ఆ మాట విన్నట్టు లేదు. తొట్టి అంచు మీద వేలు పెట్టి, చువ్వ వెంట మెల్లగా రాసింది. ఆగింది. నోట్‌బుక్కు తీసి, నిలబడే లెక్క మొదలుపెట్టింది. ఎత్తులోంచి అంగుళం తీసేసింది, మళ్ళీ డెరివేటివ్ కట్టింది, మళ్ళీ సున్నా పెట్టింది. జడ్జీలు పక్క టేబులుకు పోయారు. పిల్ల అది గమనించలేదు. ఎనిమిదిన్నర దాటి కొంచెం వచ్చింది. అప్పుడు ఎనిమిదికీ తొమ్మిదికీ విడివిడిగా లెక్క కట్టింది.

"సార్, మడత మరిచిపోయినం," అంది. "మడత కలిపితే ఎనిమిది కంటే తొమ్మిదే నయం. అర లీటరు ఎక్కువ పడతది. మా డాడీ జానెడే కరెక్టు."

సందీప్ సార్ ముఖం వెలిగిపోయింది. "అరె, ఇది లెక్క!" అన్నాడు. ఓడిపోయిన మనిషి అట్లా సంతోషపడటం నేనెక్కడా చూడలేదు.

కరుణ నా వైపు తిరిగింది. ఏడాదిన్నరగా నేను ఎదురుచూసిన చూపు అది. జవాబు కోసం డాడీ వైపు చూసే చూపు.

"నీకు ఎరుకే గద డాడీ. మడిచింది నువ్వే. ఎందుకు చెప్పలే?"

అబద్ధం ఒకటి నోటి దాకా వచ్చింది. తొమ్మిది క్యాన్లు పోసి చూసుకున్న వాణ్ణి, ఏం చెప్పను?

"మీ సార్ ఓడిపోవాలని," అన్నాను. ఆయన వింటుండగానే అన్నాను. "మోటరు కూడా కాలలే."

సందీప్ సార్ తల దించుకుని ఖాళీ క్యాన్లు సర్దడం మొదలుపెట్టాడు. కరుణ నోట్‌బుక్కు మూసింది.

"ఓడింది సార్ కాదు గద డాడీ," అంది. "నేను."

బహుమతి చివ్వెంల నుంచి వచ్చిన పిల్లలకు పోయింది. సాయంత్రం తొట్టి వంచి నీళ్ళు పారబోసి, ఆటో ఎక్కించాం. కరుణ ముందు డ్రైవరు పక్కన కూర్చుంది. నేను వెనక తొట్టిని పట్టుకుని కూర్చున్నాను. మునగాల దగ్గర డ్రైవరు టీకి ఆపాడు. కరుణ దిగి, వెనక్కి వచ్చి, తొట్టికి అటు పక్కన ఎక్కింది. నోట్‌బుక్కు తెరిచి మోకాలి మీద పెట్టుకుంది. నా ముఖం చూడలేదు.

"మడతకు అంగుళమేనా? మూలల కాడ ఇంకేమన్న పోతదా?"

"పోతది," అన్నాను.

"అన్నీ చెప్పు. నేను అడగనియి కూడ చెప్పు."

కోదాడ వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. అది తల ఎత్తకుండా రాసుకుంటూనే ఉంది.