దూదికొండ మీద ఈల

నేను ఒక ఈలను. ఇత్తడి ఈలను. బొటనవేలంత ఉంటాను, లోపల శనగగింజంత బెండు గోళీ ఒకటి గిరగిరా తిరుగుతుంది. ఉత్తరాదిన ఏదో కార్ఖానాలో పుట్టాను. పుట్టగానే ఒకతను నన్ను ఊది చూశాడు. ఆ వీధిలో రిక్షాలన్నీ ఆగిపోయాయి. కొన్ని ఇప్పటికీ బయల్దేరలేదని విన్నాను.

నా మొదటి యజమాని గౌరునాయుడు, బొబ్బిలి దగ్గర హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ముప్పై ఒక్క ఏళ్ళు నన్ను ఊదాడు. ఆయన ఊదితే పిల్లలే కాదు, గ్రౌండులో మేస్తున్న మేకలు కూడా ఎత్తు ప్రకారం వరసలో నిలబడేవి. రిటైరయ్యాక ఇంట్లో కూడా ఊదుతుంటే భార్య ఊరుకోలేదు. అప్పుడు నన్ను తీసి చెల్లెలు వరహాలమ్మ మెళ్ళో వేశాడు.

వరహాలమ్మ విశాఖపట్నంలో నర్సుగా చేసి రిటైరైంది. అరవై రెండేళ్ళు. నెలకో ఆదివారం కొండలెక్కే నడక సంఘంలో సభ్యురాలు. ఈ సంఘంవాళ్ళంత మెచ్చుకోదగ్గ మనుషుల్ని నేనెక్కడా చూడలేదు. వారమంతా లిఫ్టు చెడిపోతే రెండో అంతస్తుకి వెళ్ళకుండా అలిగే పద్నాలుగు మంది, ఆదివారం తెల్లారేసరికి పులిహోర పొట్లాలు కట్టుకుని, తమని పిలవని కొండ ఎక్కి, జలగలకి తలా కాస్త రక్తం ఇచ్చి, నవ్వుతూ దిగి వస్తారు.

వాళ్ళకో ఆచారం ఉంది. ముందు నడిచే మనిషి దారి చూడాలి. చివర నడిచే మనిషి ఈల మెళ్ళో వేసుకోవాలి. ఆ చివరి మనిషిని తోక అంటారు. మూడుసార్లు ఊదితే అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగాలి. తప్పిపోయేది ఎప్పుడూ వెనకవాళ్ళేనని సంఘం గట్టి నమ్మకం. అందుకే ఉన్నది ఒక్కటే ఈల, అదీ తోకకే. ఆరేళ్ళుగా తోక వరహాలమ్మే. ఆ ఆరేళ్ళలో నన్ను ఒక్కసారీ ఊదలేదు.

ఈ మధ్య ఆమె కుడి మోకాలు మొరాయిస్తోంది. ఆ సంగతి నాకూ ఆమెకూ మోకాలికీ తప్ప ఎవరికీ తెలియదు. చెప్పకపోవడానికి కారణం ఉంది. సంఘం నాయకుడు పైడిరాజు మంచివాడే, కానీ మూడు నెలల కిందట ఒక రూలు పెట్టాడు: నడక మధ్యలో ఆగిపోయినవాళ్ళు ఇక మీదట వ్యాన్ దగ్గర కూర్చుని భోజనాలు చూసుకోవాలి. నన్ను ఊదితే మోకాలు బయటపడుతుంది. మోకాలు బయటపడితే ఆమెకి కొండలు పోతాయి.

అలాంటి సమయంలో పాడేరు వైపు దూదికొండకి వెళ్ళాం. పైన చెట్టన్నది లేదు. కనుచూపు మేర గడ్డి, గాలికి అలలుగా వంగుతూ.

"ఈ కొండ నా పెరడు లాంటిది. కళ్ళు మూసుకుని తీసుకెళ్తాను," అన్నాడు పైడిరాజు.

"తోకమ్మగారూ, పులిహోర మీ సంచిలో ఉంది. మీరు తప్పిపోయినా పరవాలేదు గానీ సంచి జాగ్రత్త," అంది హైమ. కాలేజీలో లెక్కలు చెప్పే పిల్ల.

"నీ వాటా నేను తినేసి మరీ తప్పిపోతానే," అంది వరహాలమ్మ.

తొమ్మిదింటికి మంచు దిగింది. చెయ్యి చాపితే ఆ వేళ్ళు ఎవరివో అడిగి తెలుసుకోవాల్సినంత మంచు. పైడిరాజు అన్నమాట నిలబెట్టుకున్నాడు, కళ్ళు మూసుకున్నట్టే తీసుకెళ్ళాడు.

దారి రెండుగా చీలే చోట ఒక రాళ్ళకుప్ప ఉంది. అక్కడ వరహాలమ్మ మోకాలు మడత పడిపోయింది. కూర్చుంది. "రెండు నిమిషాలే," అని మోకాలికి చెప్పింది. మోకాలు ఒప్పుకోలేదు.

అప్పుడు మావాళ్ళ మాటలు వినిపించాయి, ఎడమ వైపు నుంచి. శిఖరం కుడి వైపు. ఎడమన గడ్డి అయిపోయాక బండ అంచు, దాని కింద లోయ. ఈ కొండకి మూడుసార్లు వచ్చిన మనిషి కాబట్టి ఆమెకి తెలుసు. అరిచింది. గాలి ఆ అరుపుని వెనక్కి తోసింది.

నన్ను పట్టుకుంది. ఆమె వేళ్ళు ఒక్క ఊపిరిసేపు ఆగాయి. అంతే. ఊదింది.

నేను మోగాను. ఒడిశాలో ఎవరో ఆడుతున్న ఫుట్‌బాల్ ఆట ఆగిపోయిందట, ఫౌల్ ఎవరిదో ఇంకా తేలలేదు. ముఖ్యంగా, ఎడమన అడుగుల చప్పుడు ఆగింది. ఆమె మళ్ళీ మూడు, మళ్ళీ మూడు ఊదింది. ఆ మోత పట్టుకుని మంచులోంచి ఒక్కొక్కరే బయటికొచ్చారు.

"ఎక్కడ తప్పిపోయారు పిన్నీ? భయపడకండి, వచ్చేశాం," అన్నాడు పైడిరాజు.

"నేను దారిలోనే ఉన్నాను నాయనా. మీరే బండ అంచుకి పోతన్నారు."

"ఇంకో పది అడుగులేనండి. కింద ఏటీ కనబళ్ళేదు," అంది హైమ. ఆ పిల్ల జోకులు ఎక్కడో పారేసుకుని వచ్చింది.

"నా మోకాలు పోయింది. రెండు నెలలై దాచాను. నీ రూలు నాకు తెలుసులే," అంది వరహాలమ్మ.

పైడిరాజు తన బూట్లని, వాటి మీద రేపు పరీక్ష ఉన్నట్టు, చాలాసేపు చదివాడు.

"మీరు కుడికి పొండి, అరగంటలో పైకెళ్తారు," అందామె. "నేనిక్కడ నిమిషానికోసారి ఊదుతాను. దిగేటప్పుడు ఈ మోత మీదకే దిగండి."

హైమ ఆమె పక్కన కూలబడింది. "నేనుంటాను. నిమిషాలు లెక్కపెడతాను."

పన్నెండు మంది మంచులోకి వెళ్ళారు. ఆమె డెబ్బై నిమిషాలు ఊదింది. పన్నెండు మందీ తిరిగొచ్చారు.

పైడిరాజు పులిహోర తింటూ అడిగాడు. "వచ్చే నెల ఏ కొండ పిన్నీ?"

"నాకెందుకు? వ్యాన్ దగ్గర ఉంటాను కదా."

"వ్యాన్ దగ్గర నేనుంటాను. వంట నాకొచ్చు."

"రాదు," అంది హైమ.

"సరే, రాదు. అయితే ఇద్దరం కొండకే వెళ్దాం. మీరు ముందు నడవండి. మీ మోకాలు ఎక్కడ ఆగితే అదే శిఖరం."

వరహాలమ్మ నన్ను చీరకొంగుతో తుడిచింది, అప్పటికే ఒకసారి తుడిచినా.

ఇప్పుడు మా సంఘం వేగం గంటకి అర కిలోమీటరు. చీమలు పక్కకి జరగమంటున్నాయి. మొన్న ఒక కొండకి సగంలో వరహాలమ్మ కూర్చుంది. మిగతా పదమూడు మందీ కూర్చున్నారు. పైడిరాజు లేచి, ఇదే శిఖరమని గంభీరంగా ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టి ఫొటో దిగారు. మా వెనకాల ఇంకా మూడొందల అడుగుల కొండ ఉంది. దాని మొహం నేను చూశాను. బాగా చిన్నబోయింది.