అత్తగారి చెంబు, అల్లుడి సముద్రం

మే నెల ఎండలో జగ్గయ్యపేట బస్టాండులో దిగిన భావనారాయణ ఒక చేత్తో బట్టల సంచీ, రెండో చేత్తో దుప్పటి చుట్టిన పెట్టె పట్టుకుని ఉన్నాడు. రిక్షా అతనికి సంచీ ఇచ్చాడు గాని పెట్టె మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. దారి పొడవునా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అత్తవారింటికి చేరాక వసారాలో బల్ల మీద మెల్లగా దింపి, చుట్టూ ఒకసారి తడిమి చూసి, ఆ తరువాతే భార్య వైపు తిరిగాడు.

"దీన్ని కూడా వేసవి సెలవులకి తీసుకొచ్చారా?" అంది చూడామణి.

"నేను లేనప్పుడు ఎవరన్నా విప్పుతారు."

"నేను రెండు నెలలు పుట్టింట్లో ఉంటానంటే ఒక్క మాటన్నారు కాదు. దాన్ని మటుకు వారం వదల్లేకపోయారు."

భావనారాయణ విశాఖపట్నంలో సముద్రం మీద పరిశోధనలు చేసే ఒక లాబొరేటరీలో ఉద్యోగి. ఆ పెట్టె అతని ఆరేళ్ల కష్టం. పైన మూడు బొత్తాలు, గాజు వెనక ఒక ముల్లు. పక్క నుంచి నల్లటి తీగ చుట్టలు చుట్టలుగా బయటికి వస్తుంది. తీగ చివర జానెడు స్టీలు గొట్టం. ఆ గొట్టాన్ని సముద్రంలోకి దింపితే, లోతున నీళ్లు ఎంత ఉప్పగా ఉన్నాయో పైన ముల్లు చూపిస్తుంది. ఆ లెక్కలు జాలర్లకు పనికొస్తాయని లాబొరేటరీ వాళ్ల ఆశ.

లాబొరేటరీలోని గాజు తొట్టిలో అది ఒక్కనాడూ తప్పు చెప్పలేదు. ఫిబ్రవరిలో మొదటిసారి పడవ ఎక్కించి పంపితే గంట తిరక్కుండానే పనిచెయ్యడం మానేసింది. 'పడవవారి అజాగ్రత్త వలన' అని భావనారాయణ రిపోర్టు రాశాడు. డైరెక్టరుగారు ఇంకొక్క అవకాశం ఇచ్చారు. ఈ నెల ఇరవై ఎనిమిదో తేదీన పడవవాళ్లే దాన్ని తీసుకుని సముద్రం మీదికి వెళ్లాలి. భావనారాయణ ఒడ్డు దాటకూడదు. వాళ్లు కొలతలు రాసుకొస్తే అలాంటి యంత్రాలు మరికొన్ని తయారవుతాయి. లేకపోతే యంత్రం బీరువాలోకి, భావనారాయణ లైబ్రరీ సెక్షనులోకి. అత్తవారింట్లో ప్రశాంతంగా కూర్చుని, పడవవాళ్లకు అర్థమయ్యేలా సూచనలు రాసుకుందామని వారం సెలవు పెట్టి వచ్చాడు.

మర్నాటికి నలభై ఒక్క సూచనలు తయారయ్యాయి. చూడామణి కాయితం చేతిలోకి తీసుకుని మొదటిది పైకి చదివింది.

"'యంత్రమును కదలని, చదునైన బల్లపై ఉంచవలెను.' పడవలో కదలని బల్ల ఎక్కడుంటుందండీ?"

"వీలైనంత వరకూ అని."

"'రెండు. చేతులు పొడిగా తుడుచుకొనవలెను.' పాపం, సముద్రం మధ్యలో పొడి తువ్వాలు కూడా మీరే ఇచ్చి పంపుతారా?"

వీధి అరుగు మీద పేపరు చదువుకుంటున్న మామగారు కామేశం గట్టిగా దగ్గాడు. అది దగ్గు కాదని భావనారాయణకు తెలుసు.

ఆ వేళ వంటింట్లో మాగాయ మూడో రోజు. ఉప్పు, పసుపు వేసి జాడీల్లో ఊరబెట్టిన మామిడి ముక్కలను మూడో రోజున పిండి ఎండబెడతారు. జాడీలో మిగిలిన ఊటలో ఆ ముక్కలు మళ్లీ కలుస్తాయి. అత్తగారు వెంకాయమ్మ మడి కట్టుకుని రెండు జాడీల ముందు కూర్చుని ఉంది గాని, ఆమె మనసు నిలకడగా లేదు. కిందటేడు రెండో జాడీ నెల తిరక్కుండా బూజు పట్టింది. ఆ సంగతి వీధిలో నాలుగిళ్లకు తెలిసింది. ఉప్పులో సత్తువ లేదని కొట్టువాణ్ణి తిట్టింది గాని, తన చేతి లెక్క తప్పిందేమోనన్న శంక ఆమెను వదల్లేదు. రుచి చూద్దామంటే నైవేద్యం పెట్టకుండా మడి వంట నోట్లో వేసుకోదు.

"మీ యంత్రం ఉప్పెంతో చెబుతుందన్నారుగా," అంది చూడామణి. "మా అమ్మ ఊట చూడమనండి. ఊళ్లో పరువు నిలబడుతుంది."

భావనారాయణకు ఆ ఆలోచన నచ్చింది. పడవవాళ్లలాగే ఏమీ తెలియని మనిషి వాడితే ఎలా ఉంటుందో చూడవచ్చు. అయితే ఒక చిక్కు ఉంది. పెళ్లయి ఎనిమిదేళ్లయినా వెంకాయమ్మ అల్లుడితో నేరుగా మాట్లాడదు. తలుపు వెనక నిలబడి కూతురితో చెబుతుంది. అల్లుడు మూడడుగుల దూరంలో అంతా వింటున్నా, కూతురు మళ్లీ చెప్పాల్సిందే.

"ఆ ఇనప గొట్టం నా వంటింట్లోకి రావాలంటే ముందు కడగాలి. మీ ఆయన్నడుగు, కడగొచ్చా అని."

"కడగొచ్చా అంటోందండీ."

"నీళ్లలో ముంచేదే కదా, బాగా కడగమను," అన్నాడు భావనారాయణ. అతని మనసులో ఉన్నది గొట్టం మాత్రమే.

"కడగొచ్చటమ్మా."

భావనారాయణ ముల్లు లేచిందని చూసుకుని, అన్నీ వంటింటి గడప మీద పెట్టి వెనక్కి జరిగాడు. వెంకాయమ్మ ఇత్తడి చెంబుతో నూతినీళ్లు తెచ్చి గొట్టం మీద పోసింది. తీగ మీద పోసింది. ఇంకో చెంబుడు తెచ్చి పెట్టె మీద గుమ్మరించింది.

భావనారాయణ రెండు చేతులూ చాచి ముందుకు ఉరికాడు.

"అక్కడే ఆగండి," అంది వెంకాయమ్మ.

ఎనిమిదేళ్లలో అల్లుడితో ఆమె నేరుగా అన్న మొదటి మాట అది. అతను గడప ఇవతల ఒంటికాలి మీద ఆగిపోయాడు. కడిగిన వస్తువు మడి. మైలబట్టలతో, సిగరెట్టు వేళ్లతో అతను దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. గాజు వెనక ముల్లు రెండుసార్లు వణికి, ఎడమవైపుకు వాలిపోయింది.

"పోయింది," అన్నాడు నీరసంగా. "పెట్టె మీద నీళ్లు పొయ్యకూడదు."

వెంకాయమ్మ మళ్లీ తలుపు వెనక్కి వెళ్లిపోయింది. అక్కణ్ణుంచి కూతురితో అంది. "సముద్రంలోకి వెళ్లేది కాదుటే ఇది? రెండు చెంబుల నీళ్లకే ఇలా అయిపోతే, అక్కడ అలలు వీళ్ల మాట వింటాయా అని అడుగు."

చూడామణి అడగలేదు. మొగుడి ముఖం చూసింది.

భావనారాయణ వసారాలోకి వచ్చి కూర్చున్నాడు. ఆరేళ్లుగా గొట్టంలోకి నీళ్లు వెళ్లకుండా ఎన్ని చెయ్యాలో అన్నీ చేశాడు. పెట్టె ఎప్పుడూ పొడి బల్ల మీదే ఉండేది. పడవలో బల్ల కూడా తడుస్తుందని ఆ లాబొరేటరీలో ఒక్కరికీ తోచలేదు. ఫిబ్రవరిలో పడవవాళ్లు ఏ అజాగ్రత్తా చెయ్యలేదన్న మాట. 'మేమేం చెయ్యలేదు బాబూ' అని వాళ్లు అంటుంటే, వినకుండా సంతకం పెట్టిన కాయితం అతని కళ్ల ముందు కనబడింది.

"రిపోర్టులో వాళ్ల పేర్లు కూడా రాశా," అన్నాడు.

"రాసిన చేత్తోనే కొట్టెయ్యండి," అంది చూడామణి. ఈసారి ఆమె గొంతులో ఎగతాళి లేదు.

ముందు పెట్టె ఆరాలి. వెంకాయమ్మ దానికీ ఏర్పాటు చేసింది. మూత విప్పిన యంత్రాన్ని డాబా మీద చాపలో, మాగాయ ముక్కల పక్కనే ఎండబెట్టించింది. కాకులు రాకుండా చూడామణి గొడుగేసుకుని కాపలా కూర్చుంది. సాయంత్రం బొత్తాలు నొక్కితే ముల్లు లేచింది. పక్కనున్న ముక్కలు మాత్రం ఇంకా ఆరలేదు.

"నందిగామ వెళ్లు అబ్బాయ్," అన్నాడు కామేశం. అక్కడ తాలూకా ఆఫీసులో ఇరవయ్యేళ్లు పనిచేశాడు. "హైదరాబాదు రోడ్డు మీద స్తెఫను అని పంచర్లేస్తాడు. నా సైకిలు ఆయన చేతిలోనే పెద్దదయింది. నీళ్ల సంగతి ఆయనకి తెలిసినట్టు మీ డైరెక్టరుకి తెలియదు."

స్తెఫను కొట్టు ముందు రెండు లారీలు జాకీల మీద ఉన్నాయి. భావనారాయణ లోపలి సామాను తీసేసి ఖాళీ పెట్టె ఇచ్చాడు. పెట్టె ఎందుకో, ఏమిటో పది నిమిషాలు వివరించాడు. స్తెఫను ఓపికగా విన్నాడు.

"అదంతా నాకెందుకులెండి. నీళ్లు లోపలికి ఎక్కణ్ణుంచి పోతున్నాయో చూశారా?"

"మూత దగ్గరనుకుంటున్నా."

"అనుకోడం ఎందుకండీ? తొట్టి ఉందిగా."

తీగ దూరే కంతకు పంపు గొట్టం బిగించి, పెట్టెను మురికి నీళ్ల తొట్టిలో ముంచి గాలి కొట్టాడు. మూత చుట్టూ బుడగలు వచ్చాయి. మూడు బొత్తాల కింద నుంచీ వచ్చాయి.

"నాలుగు పంచర్లండీ. ఇన్నాళ్లూ ఎలా తిరిగింది ఇది?"

"ఆరేళ్లు తిరిగింది," అన్నాడు భావనారాయణ. "ఒకే గదిలో."

స్తెఫను నవ్వలేదు. పాత లారీ ట్యూబు కోసి మూతకు పట్టీ, బొత్తాలకూ తీగ కంతకూ బిళ్లలు కత్తిరించాడు. మళ్లీ ముంచాడు. రెండు బుడగలు వచ్చాయి. మళ్లీ విప్పి బిగించాడు. మూడోసారి తొట్టిలో నీళ్లు కదల్లేదు.

మర్నాడు, లోపలి సామాను మళ్లీ బిగించాక, వంటింటి గడప దగ్గర రెండో పరీక్ష జరిగింది. ఈసారి భావనారాయణే, "ఏడు చెంబులు పొయ్యమను," అన్నాడు. వెంకాయమ్మ తొమ్మిది పోసింది. ముల్లు వణకలేదు.

అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. మాగాయ ఊట సముద్రం కంటే చాలా ఉప్పన గనక, గరిటెడు ఊటకి ఆరు గరిటెల లెక్కన మంచినీళ్లు కలిపి గొట్టం ముంచమన్నాడు. అంతవరకూ బాగానే జరిగింది.

"ఇప్పుడు స్టాండ్‌బై నొక్కమను."

"స్టాండ్‌బై నొక్కమంటున్నారమ్మా."

"వాడెవడే?"

"ఎడమవైపుది."

"నా ఎడమా, ఆయన ఎడమా?"

భావనారాయణ గడప ఇవతల నుంచి గాలిలో బొత్తాలు నొక్కి చూపించాడు. వెంకాయమ్మ అల్లుడి వైపు చూడదు గనక ఆ నొక్కుళ్లన్నీ వృథా అయిపోయాయి. నలభై ఒక్క సూచనల్లో ఆరోదానికి వచ్చేసరికి పొయ్యి మీద పప్పు మాడింది.

చూడామణి లేచి వెళ్లి తన గోళ్లరంగు సీసా తెచ్చింది. "అమ్మా, కాసేపు ఇవతల పెట్టు. మళ్లీ కడుక్కుందువుగాని." ఒక బొత్తాం పక్కన ఒక ఎర్రచుక్క, రెండోదాని పక్కన రెండు, మూడోదాని పక్కన మూడు పెట్టింది. "ఒకటి, రెండు, మూడు. మూడోది నొక్కి ముల్లు చూడు. అంతే."

"అంతే కాదు," అన్నాడు భావనారాయణ. "మధ్యలో ఇంకో నాలుగున్నాయి."

"ఆ నాలుగూ మీరు ఒడ్డునే చేసి పంపండి."

భావనారాయణ కాయితం తీసి ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాడు. చివరికి మూడే మిగిలాయి.

వెంకాయమ్మ మళ్లీ కడిగి, తడిచేత్తోనే ఒకటి, రెండు, మూడు నొక్కింది. ముల్లు లేచి ముప్పై నాలుగు దగ్గర నిలబడింది. తరువాత రెండో జాడీ ఊట అలాగే కలిపి చూసింది. ముల్లు ఇరవై మూడు దాటలేదు.

"యంత్రం మళ్లీ పాడయిందేమో," అంది చూడామణి తొందరగా.

వెంకాయమ్మ మొదటి జాడీ మళ్లీ చూసింది. ముప్పై నాలుగు. "నువ్వూ ఒక చెయ్యి వెయ్యవే అని రెండో జాడీకి ఉప్పు నీ చేత వేయించా," అంది. కూతురి వైపు తిరిగింది. "కిందటేడూ నువ్వేగా వేసింది?"

చూడామణి గోళ్లరంగు సీసా మూత బిగించుకుంటూ వసారాలోకి వచ్చింది. భావనారాయణ ఆమె వైపు చూడకుండా ముల్లు వైపే చూస్తున్నాడు.

"నవ్వండి, ఎందుకు దాచుకుంటారు," అంది.

"నేనేం అన్లేదు."

"మీ యంత్రం అందిగా."

రెండో జాడీలో ఇంకో మానికెడు ఉప్పు పడింది. రెండు రోజుల తరువాత భావనారాయణ పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాడు. ఇరవై ఎనిమిదో తేదీ వెళ్లింది. వారం గడిచినా ఉత్తరం లేదు. పోస్టుమాన్ రాగానే చూడామణి కంటే ముందు వెంకాయమ్మే గుమ్మంలోకి వచ్చేది.

జూన్ రెండో వారంలో భావనారాయణే వచ్చాడు. చేతిలో బట్టల సంచీ ఒక్కటే ఉంది.

"పెట్టె ఏదండీ?" అంది చూడామణి.

"సముద్రం మీదుంది. వాళ్లు తిరిగివ్వడం లేదు."

కాళ్లు కడుక్కుని చెప్పాడు. పడవవాళ్లు ఇరవై ఆరు కొలతలు తెచ్చారు. అందులో నాలుగు ఎంత లోతువో రాయడం మరిచిపోయారు. దారిలో ఒక అల పెట్టెను నిలువునా ముంచింది. అయినా ముల్లు ఆగలేదు. డైరెక్టరుగారు ముందు ఆరు యంత్రాలు చెయ్యమన్నారు. ఎర్రచుక్కలు ఏమిటని అడిగి, డ్రాయింగులో చేర్చమన్నారు. ప్రతి యంత్రాన్నీ పంపే ముందు దాని మీద తొమ్మిది చెంబుల నీళ్లు పొయ్యాలని కూడా రాసుకున్నారు. స్టోరులో చెంబు లేదని కొత్తది తెప్పిస్తున్నారు.

"మరి ఆ రిపోర్టు?" అంది చూడామణి.

"కొట్టేసి మళ్లీ రాసిచ్చా. వాళ్లింటికి వెళ్లి ఆ మాట చెప్పా కూడా."

"వాళ్లేమన్నారు?"

"ఆ రోజే చెప్పాంగా బాబూ అన్నారు. టీ ఇచ్చారు."

తలుపు వెనక పీట వాల్చిన చప్పుడయింది.

"అమ్మాయ్, మీ ఆయనకి అన్నం పెట్టు," అంది వెంకాయమ్మ. "మాగాయ కూడా వడ్డించు." అల్లుడు కూర్చునేదాకా ఆగి, అతనికి వినబడేలా అంది. "మొదటి జాడీలోది."